బాక్స్‌లో 60 నీడిల్ ఎందుకు పెట్టారయ్యా? పెట్రోల్ వైబ్రేటర్ రివ్యూ

నమస్తే అండి. పోసిన కాంక్రీటుని అదిరించి సందుల్లోకి కూర్చే ఈ పెట్రోల్ వైబ్రేటర్‌ని కంపెనీ వాళ్లే రివ్యూకి పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో అయ్యాక మెషిన్ వెనక్కి పోతుంది. 5 హెచ్‌పీ ఇంజిన్, 6 మీటర్ల షాఫ్ట్ (లోపల తీగ తిరిగే గొట్టం), దాని చివర కాంక్రీటులో దించే 60 ఎంఎం మందం నీడిల్. ధర, బరువు, ట్యాంకు సైజు మీరు చూసే వచ్చుంటారు. మనం రెండే చూద్దాం: కింద బేస్, చివర నీడిల్.

బేస్ అదిరింది. ఇంజిన్ గుండ్రంగా తిరిగే బేస్ మీద కూర్చుంది. స్లాబ్ మీద కుర్రాడు నీడిల్ పట్టుకుని ఎటు నడిస్తే ఇంజిన్ అటు తిరుగుతుంది, కప్లింగ్ దగ్గర, అంటే ఇంజిన్‌కి బిగించే చోట, షాఫ్ట్ మడత పడదు. ఆ మడతలోనే లోపలి తీగ వేడెక్కి తెగుతుంది. త్రీ ఫేజ్ మోటార్లకైతే ఇంకో తలనొప్పి, ఫేజ్ మారితే ఉల్టా తిరిగి తీగ పురి విప్పేస్తాయి. దీనికి ఆ గొడవే లేదు. కాకపోతే చువ్వల మీద వంకరగా పెట్టకండి, చెక్క వేసి మట్టంగా పెట్టండి. ఒరిగితే ఇంజిన్‌కి ఆయిల్ అందదు. మూసి ఉన్న సెల్లార్‌లో అసలు వాడొద్దు, పొగ ప్రాణం తీస్తుంది. అక్కడ కరెంటుదే.

ఇక నీడిల్. నా కోపమంతా ఇక్కడే.

మన ఇళ్లలో బీమ్ వెడల్పు 9 అంగుళాలు, అంటే 230 ఎంఎం. రెండు పక్కలా 25 కవర్ (చువ్వల బయట ఉండే కాంక్రీటు), 8 ఎంఎం రింగు (చువ్వల్ని చుట్టి కట్టే కమ్మీ) తీసేస్తే లోపల మిగిలేది 164. పైన 16 ఎంఎం చువ్వలు మూడు వేస్తే ఒక్కో సందు 58. మీ నీడిల్ 60! కాలమ్ దగ్గర ఎక్స్‌ట్రా చువ్వ పడిందా, సందు 33కి వస్తుంది, 40 నీడిల్ కూడా దిగదు. పైగా అడ్డం బీమ్ చువ్వలు. అక్కడ 25 నీడిలే గతి. సెంట్రింగ్ విప్పాక హనీకోంబ్ (కాంక్రీటు నిండక కంకర తేలిన బొక్కలు) కనపడేది సరిగ్గా అక్కడే, తిట్లు పడేది మేస్త్రికి.

నీడిల్ సన్నబడితే పోట్లు దగ్గరవ్వాలి. 40కి అడుగు దూరం, 25కి ఆరంగుళాలు. నిలువుగా వేగంగా దించి, 5 నుంచి 15 సెకన్లు ఉంచి, నెమ్మదిగా లాగాలి. బుడగలు ఆగి, పైన సిమెంట్ పాలు మెరిసి, సౌండ్ నిలకడైతే చాలు. నీళ్లెక్కువైన మాల్‌లో (కలిపిన కాంక్రీటులో) ఇంకా ఉంచితే కంకర కిందికి, పాలు పైకి. అయిదంగుళాల స్లాబ్‌లో వాలుగా పెట్టండి. కాలమ్‌లో అడుగున్నర చొప్పున పోస్తూ, నీడిల్ కింది పొరలోకి నాలుగంగుళాలు దిగేలా చూడండి. పది అడుగుల కాలమ్‌లో పైనుంచి గమేళాలతో గుమ్మరిస్తే కంకర చువ్వలకు తగిలి విడిపోతుంది. మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మాల్ పడే ఎత్తు మీటరున్నర దాటకూడదు.

మిల్లర్ (కాంక్రీటు కలిపే మిషన్) దూరంగా ఉందని మాల్ కుప్పని వైబ్రేటర్‌తో లాగుతుంటారు చూడండి, పాలు పారిపోయి కంకర అక్కడే ఉంటుంది. పారతో లాగండి బాబూ.

ఈ నీడిల్ స్టార్టింగ్‌లో ఊరికే గుయ్ మంటే కంగారు పడకండి, నీడిల్ మొనని చెక్కకి మెల్లగా తట్టండి, అందుకుంటుంది. గాలిలో మాత్రం తిప్పుతూ వదిలేయకండి. దాన్ని చల్లబరిచేది కాంక్రీటే, బయట తిరిగితే బేరింగ్ మాడిపోతుంది.

ఇంజిన్‌కి, బేస్‌కి వంక పెట్టను. ఈ సెట్ మాత్రం ఇలాగే కొనమని చెప్పను. పునాది ఫుటింగులు, రాఫ్ట్‌లు (బిల్డింగ్ అంతటికీ ఒకే పలకలా వేసే పునాది) పోసేవాళ్లకి 60 బంగారం. ఇళ్ల పని చేసేవాళ్లు షాపులో 60 తీసేసి 40 పెట్టమనండి, 25 నీడిల్ షాఫ్ట్‌తో సహా విడిగా కొనండి. కప్లింగ్ కలుస్తుందో లేదో కౌంటర్ మీదే బిగించి చూసుకోండి, స్లాబ్ రోజు పొద్దున కాదు.