కరోనా రెండేళ్లలో జనం మనసు ఎలా మారింది? ఒక గ్రాఫును విప్పి చూద్దాం

[తెర మీద: ఒకే ఒక్క గీత. 2020 ఏప్రిల్ దగ్గర లేచి, అక్టోబరు నాటికి దాదాపు మొదటి చోటికే దిగుతుంది.]

ఈ గీత బ్రిటన్‌ది. కరోనా మొదటి ఏడాదిలో అక్కడి పెద్దవాళ్ల మానసిక ఒత్తిడి సగటు ఇది. ఏప్రిల్‌లో ఒక్కసారిగా లేచింది, అక్టోబరుకల్లా దాదాపు పాత చోటికి వచ్చేసింది. చూడగానే మనకేమనిపిస్తుంది? మొదట్లో హడలిపోయారు, తర్వాత అలవాటు పడ్డారు, అయిపోయింది అనిపిస్తుంది.

గీతలో తప్పేమీ లేదు. కానీ ఇది ఐదు గీతల్ని కలిపేస్తే వచ్చిన సగటు. ఆ ఐదింట్లో రెండు ఎప్పటికీ కిందికి దిగలేదు. ఆ రెంటిలో ఉన్నవాళ్ల గురించే ఈ వీడియో.

[తెర మీద: ఇంటి గోడ. పిల్లవాడి ఎత్తుకు ఏటా పెట్టిన పెన్సిలు గీతలు.]

బ్రిటన్‌నే ఎందుకు తీసుకున్నాం? పిల్లవాడు ఎంత పెరిగాడో చెప్పాలంటే గోడ మీద పోయినేడు పెట్టిన గీత ఉండాలి కదా. అక్కడ 'అండర్‌స్టాండింగ్ సొసైటీ' అనే సర్వే 2009 నుంచి అవే కుటుంబాలను ఏటా పలకరిస్తోంది. అందుకే కరోనా వచ్చేసరికి ఆ మనుషుల పాత జవాబులు చేతిలో సిద్ధంగా ఉన్నాయి. లాక్‌డౌన్ పెట్టిన నెలకి, 2020 ఏప్రిల్ 23 నుంచి 30 లోపు, 17,452 మంది జవాబులు అందాయి.

అడిగింది జీహెచ్‌క్యూ-12, అంటే మానసిక ఒత్తిడిని కొలిచే ఒక ప్రశ్నావళి. పన్నెండు ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు. మొదటి రెండు జవాబులకు సున్నా, చివరి రెంటికి ఒకటి. మొత్తం నాలుగో అంతకన్నా ఎక్కువో వస్తే, ఆ మనిషి ఒత్తిడి పట్టించుకోవాల్సిన స్థాయిలో ఉన్నట్టు లెక్క. 2018–19లో అలాంటివాళ్లు 18.9 శాతం. 2020 ఏప్రిల్‌లో 27.3 శాతం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఇదంతా కరోనా వల్లేనా? కాదు. అదే ప్రశ్నలను 0 నుంచి 36 మార్కుల పద్ధతిలో వేసి చూస్తే సగటు 11.5 నుంచి 12.6కి పెరిగింది. తేడా 1.1. కానీ బ్రిటన్‌లో ఈ సగటు కరోనాకు ముందే ఏటా కాస్త కాస్త పెరుగుతూ వస్తోంది. ఆ పాత వాలును తీసేస్తే మిగిలిన అదనపు పెరుగుదల 0.48. సగం కూడా లేదు.

కొందరిలో మాత్రం అది చాలా పెద్దది. 18–24 ఏళ్ల వాళ్లలో 2.69. చిన్నపిల్లలున్న ఇళ్లలో 1.45. ఆడవాళ్లలో 0.92. వైరస్ ప్రాణం తీసింది ఎక్కువగా ముసలివాళ్లది, మనసు ఎక్కువగా చెదిరింది కుర్రవాళ్లది.

[తెర మీద: ఒక ప్రశ్న, కింద నాలుగు జవాబులు.]

ఇప్పుడు ఈ ప్రశ్నను దగ్గరగా చూడండి. "దిగులుతో నిద్ర పోగొట్టుకుంటున్నారా?" జవాబులు ఇవీ: అసలు లేదు. మామూలు కన్నా ఎక్కువేమీ కాదు. మామూలు కన్నా కాస్త ఎక్కువ. మామూలు కన్నా చాలా ఎక్కువ.

'మామూలు' అన్న మాట మీద వేలు పెట్టండి. ఒకావిడకు ఏప్రిల్ నుంచి రోజూ రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టట్లేదు అనుకుందాం. ఏప్రిల్‌లో ఆవిడ "చాలా ఎక్కువ" అంటుంది. ఒక మార్కు. అక్టోబరులో కూడా అదే పరిస్థితి. కానీ ఆరు నెలలుగా అదే మామూలైపోయింది. "మామూలు కన్నా ఎక్కువేమీ కాదు" అంటుంది. సున్నా. కాగితం మీద ఆవిడ కోలుకుంది.

ఈ ప్రశ్నావళికి ఉన్న పెద్ద బలహీనత ఇదే. ఉన్నట్టుండి వచ్చిన దెబ్బను బాగా పట్టుకుంటుంది, ఎక్కువ కాలం నానిన బాధను సరిగా పట్టుకోదు.

[తెర మీద: రెండో గ్రాఫు. 10, 19, 19, 21, 17, 16.]

అదే దేశంలో గణాంకాల కార్యాలయం ఓఎన్ఎస్ ఇంకో కొలబద్ద వాడింది, డిప్రెషన్ లక్షణాలను ఎనిమిది ప్రశ్నల్లో అడిగే పీహెచ్‌క్యూ-8. ఇది మామూలుతో పోల్చమని అడగదు. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు అలా ఉంది అని అడుగుతుంది. కరోనాకు ముందు డిప్రెషన్ లక్షణాలున్న పెద్దవాళ్లు 10 శాతం. 2020 జూన్‌లో 19. నవంబరులోనూ 19. మూడో లాక్‌డౌన్ నడిచిన 2021 తొలి మూడు నెలల్లో 21. ఆంక్షలు ఎత్తేశాక, ఆ వేసవిలో, 17. 2022 శరదృతువులో 16. పది దగ్గరికి మళ్లీ రాలేదు.

రెండు గ్రాఫులు కొట్లాడుకుంటున్నట్టు కనిపిస్తాయి గానీ, రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. భయం త్వరగానే తగ్గింది. దాని వెనకాల వచ్చిన నిస్సత్తువ, దిగులు ఉండిపోయాయి.

[తెర మీద: మొదటి గీత ఐదుగా చీలుతుంది.]

ఇక ఆ ఐదు గీతలు. మొదటి సర్వే పరిశోధకులే 2020 ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా 19,763 మంది జవాబుల్ని మనిషి మనిషికీ వేరుగా గీసి, ఒకేలా నడిచిన గీతల్ని గుంపులు చేశారు. 39.3 శాతం మంది మొదటి నుంచి చివరిదాకా చాలా బాగున్నారు. 37.5 శాతం బాగానే ఉన్నారు. ఈ రెండు గుంపుల్నీ తక్కువ చేసి చూడకూడదు. నలుగురిలో ముగ్గురు నిలదొక్కుకున్నారు. 12 శాతం మొదట కుంగి, తర్వాత కోలుకున్నారు. ఏప్రిల్ వార్తల్లో మనం చూసిన పెరుగుదల చాలామటుకు వీళ్లది.

మిగిలినవి రెండు. 7 శాతం మంది నెల నెలకీ దిగజారుతూ పోయారు. 4.1 శాతం మొదటినుంచీ బాగా నలిగిపోయి, అలాగే ఉండిపోయారు. కలిపితే తొమ్మిది మందికి ఒకరు. వీళ్లెవరు? అంతకుముందే మానసికంగానో శారీరకంగానో జబ్బున్నవాళ్లు, పేద పేటల్లో ఉండేవాళ్లు, ఆసియా, నల్లజాతి, మిశ్రమ మూలాల వాళ్లు. ఏం జరిగినప్పుడు ఇంకా దిగజారారు? స్వయంగా కరోనా సోకినప్పుడు, తమ ప్రాంతంలో మళ్లీ లాక్‌డౌన్ పెట్టినప్పుడు, డబ్బుకి కటకట వచ్చినప్పుడు.

కోలుకున్నవాళ్ల ఒత్తిడి గీత కిందికి, దిగజారినవాళ్లది పైకి. సగటు తీస్తే ఒకరినొకరు చెరిపేసుకుంటారు. సాయం ఎవరికి కావాలో వాళ్లే గ్రాఫులో మాయమవుతారు.

[తెర మీద: జపాన్ పటం.]

కాలం విషయంలో జపాన్ అనుభవం కళ్లు తెరిపిస్తుంది. 2020 ఫిబ్రవరి నుంచి జూన్ వరకు అక్కడ ఆత్మహత్యలు 14 శాతం తగ్గాయి. ఆపద మొదట్లో అందరం ఒకే పడవలో ఉన్నామన్న భావన ఉంటుంది, సర్కారు సాయం చేతికందుతుంది, పని ఒత్తిడి తగ్గుతుంది. జూలై నుంచి అక్టోబరు మధ్య లెక్క తిరగబడింది, 16 శాతం పెరిగాయి. ఆడవాళ్లలో ఆ పెరుగుదల 37 శాతం, పిల్లల్లో, కౌమారంలో ఉన్నవాళ్లలో 49 శాతం. తొలి ఐదు నెలల లెక్క చూసి గండం గడిచిందని ఎవరైనా అనుకుని ఉంటే ఎంత ప్రమాదమో చూడండి.

[తెర మీద: భారత్. ఆరు అంకెలు ఒక్కొక్కటిగా.]

మన దగ్గర అవే మనుషుల్ని నెల నెలా అడిగిన దేశవ్యాప్త సర్వే లేదు. ఉన్నది జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్క, పోలీసు రికార్డుల్లోకి ఎక్కిన ఆత్మహత్యలు. 2017లో 1,29,887. 2018లో 1,34,516. 2019లో 1,39,123. 2020లో 1,53,052. 2021లో 1,64,033. 2022లో 1,70,924.

బ్రిటన్ దగ్గర నేర్చుకున్న మొదటి పాఠాన్ని ఇక్కడా వాడదాం, పాత వాలును తీసి చూద్దాం. కరోనాకు ముందు ఏటా పెరుగుదల 4,600 చిల్లర. 2020లో ఒక్క ఏడాదే దాదాపు 13,900. 2021లో 11,000. 2022లో 6,900. కేసులు తగ్గిన 2022లో కూడా పెరుగుదల పాత వేగానికి రాలేదు. 2021లో చనిపోయినవాళ్లలో రోజుకూలీలు 42,004 మంది, నలుగురిలో ఒకరు. 2020 మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు కదిలినప్పుడు, అందులో ఉన్నది ఇలాంటి బతుకుల వాళ్లే. కూలి ఆగిన రోజు నుంచి అప్పు మొదలవుతుంది. వైరస్ పోయినా అప్పు పోదు.

[తెర మీద: రెండు వార్తా శీర్షికలు.]

ఇలాంటి వార్త కనిపించినప్పుడు రెండు చోట్ల జాగ్రత్త పడండి.

"ఆందోళన, డిప్రెషన్ 25 శాతం పెరిగాయి." 2022 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మాట. దీనర్థం నూటికి పాతికమందికి జబ్బు వచ్చిందని కాదు. ఆ అంచనాకు మూలమైన లెక్కలో డిప్రెషన్ ఉన్నవాళ్లు ప్రపంచమంతా కలిపి 19.3 కోట్ల నుంచి 24.6 కోట్లకు పెరిగారు. జనాభాలో చూస్తే రెండున్నర శాతం నుంచి మూడు శాతం పైచిలుకుకి.

"అమెరికాలో ఆందోళన, డిప్రెషన్ లక్షణాలున్నవాళ్లు 11 శాతం నుంచి 41 శాతానికి." ఇది ఇంకా పెద్ద పొరపాటు. 2019 నాటి 11 శాతం ఒక సర్వేది, మనుషుల్ని ఇంటర్వ్యూ చేసి అడిగింది. 2021 జనవరి నాటి 41 శాతం ఇంకో సర్వేది, ఈమెయిల్, ఎస్ఎంఎస్‌లో లింకు పంపి అడిగింది. దానికి పదిమందిలో ఒకరు కూడా స్పందించలేదు. ఒక తక్కెడలో కూరగాయలు తూచి, ఇంకో తక్కెడలో మళ్లీ తూచి, బరువు పెరిగిందన్నట్టు ఉంటుంది. పెరుగుదల నిజమే, కానీ ఇంత అని ఈ రెండంకెలు చెప్పలేవు.

[తెర మీద: పీహెచ్‌క్యూ-9 కాగితం, పక్కన పెన్ను.]

చివరగా, మీకోసం. పీహెచ్‌క్యూ-9 అంటే డిప్రెషన్ లక్షణాల మీద తొమ్మిది ప్రశ్నలున్న కాగితం, ఎవరైనా ఐదు నిమిషాల్లో నింపుకోవచ్చు. గత రెండు వారాలనే గుర్తు తెచ్చుకోండి, నిన్నటి ఒక్క రోజును కాదు. అసలు లేదంటే 0, కొన్ని రోజులంటే 1, సగం కన్నా ఎక్కువ రోజులంటే 2, దాదాపు రోజూ అంటే 3. తొమ్మిదీ కూడితే 0 నుంచి 27 మధ్య వస్తుంది. పదో అంతకన్నా ఎక్కువో వస్తే డాక్టరుకు చూపించండి. ఇది జబ్బును నిర్ధారించదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలా వద్దా అన్నదే చెబుతుంది. థైరాయిడ్, రక్తహీనత ఉన్నా నీరసం, నిద్రలో తేడా వల్ల మార్కులు పెరగవచ్చు, అందుకని డాక్టరుకు ఆ సంగతులూ చెప్పండి.

తొమ్మిదో ప్రశ్నను మాత్రం మొత్తంలో కలిపి వదిలేయకండి. చనిపోతే బాగుండుననీ, తమను తాము గాయపరచుకోవాలనీ ఆలోచనలు వస్తున్నాయా అని అడిగే ప్రశ్న అది. దానికి జవాబు సున్నా కాకపోతే, మిగతా ఎనిమిదీ సున్నాలైనా సరే, ఆ రోజే ఎవరితోనైనా మాట్లాడాలి. మానసిక సాయానికి ప్రభుత్వ ఫోన్ లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

[తెర మీద: 14416. పది సెకన్లు అలాగే ఉంచాలి.]