టామ్ ఫిన్నీ ఆట, అతన్ని కట్టేసిన ఒప్పందం

అందరికీ నమస్కారం.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు ప్రెస్టన్ నార్త్ ఎండ్ తరఫున లీగ్‌లో 433 మ్యాచ్‌లు, 187 గోల్స్. ఇంగ్లండ్‌కు 76 మ్యాచ్‌లు, 30 గోల్స్. టామ్ ఫిన్నీ లెక్కలు ఇవి. రెండో ప్రపంచ యుద్ధం వల్ల లీగ్‌లో తొలి మ్యాచ్ ఆడేసరికే అతనికి 24 ఏళ్లు; అంతకుముందు ఈజిప్టులో బ్రిటిష్ ఎనిమిదో సైన్యంలో పనిచేశాడు. ఇంతటివాడికి లీగ్ టైటిల్ ఒక్కటీ లేదు. 1953లో పాయింట్లు సమానమైనా, గోల్ సగటు (వేసిన గోల్స్‌ను ఇచ్చిన గోల్స్‌తో భాగిస్తే వచ్చేది) తేడాతో టైటిల్‌ని ఆర్సెనల్ ఎగరేసుకుపోయింది.

ముందు ఆట సంగతి. ఫిన్నీది పుట్టుకతో ఎడమకాలి వాటం. ఆడింది ఎక్కువగా కుడి వింగ్‌లో, అంటే మైదానం కుడి అంచున. అక్కడ ఆడే రైట్ వింగర్‌ని ప్రత్యర్థి లెఫ్ట్ బ్యాక్ (ఎడమవైపు డిఫెండర్) టచ్‌లైన్ వైపు, అంటే మైదానం పక్క గీత వైపు నెడతాడు. కుడికాలే దిక్కైన వింగర్‌కి అక్కడ మిగిలేది క్రాస్ (అంచునుంచి గోల్ ముందుకు బంతి పంపడం) ఒక్కటే. ఫిన్నీ మాత్రం కుడికాలిని కూడా సాధన చేసి అంతే పదును పెట్టుకున్నాడు. బయటి దారి మూస్తే లోపలికి తిరిగి ఎడమకాలితో కొడతాడు. లోపలి దారి మూస్తే బయటినుంచి క్రాస్ వేస్తాడు. డిఫెండర్ ముందుగా కదిలితే అయిపోయినట్టే. అందుకే 1947లో లిస్బన్‌లో ఇంగ్లండ్ మరో రైట్ వింగర్ స్టాన్లీ మాథ్యూస్‌ను కుడివైపు, ఫిన్నీని ఎడమవైపు దించగలిగారు; పోర్చుగల్‌పై 10-0. చివరి సంవత్సరాల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా మారి, 1957లో రెండోసారి ‘ఫుట్‌బాలర్ ఆఫ్ ది ఇయర్’ అయ్యాడు.

ఇక డబ్బు. 1952లో ఇటలీకి చెందిన పలెర్మో క్లబ్బు 10,000 పౌండ్ల బోనస్, నెలకు 130 పౌండ్ల జీతం, విల్లా, కారు ఇస్తానంది. ఇంగ్లండ్‌లో అప్పటి గరిష్ఠ జీతం వారానికి 14 పౌండ్లు. ప్లంబింగ్ పని నేర్చిన ఫిన్నీ ఆ పనిని ఎందుకు వదల్లేదో వేరే చెప్పాలా? పలెర్మోకు పంపడానికి ప్రెస్టన్ ఒప్పుకోలేదు, కథ అక్కడితో ఆగింది.

ఎలా ఆపగలిగింది? అప్పట్లో ఒప్పందం ఏడాదికే, జూన్ 30తో ముగిసేది. కానీ ఆటగాడి రిజిస్ట్రేషన్ (లీగ్‌లో ఆడేందుకు కావాల్సిన నమోదు) క్లబ్బు చేతిలోనే ఉండేది. సీజన్ అయ్యాక క్లబ్బు అతన్ని ‘రిటెయిన్’ (అట్టిపెట్టుకునే) జాబితాలో పెడితే, సంతకం చేయనన్నా వేరే క్లబ్బుకు ఆడే వీలుండేది కాదు. జులై నుంచి జీతమూ వచ్చేది కాదు. అంటే ఒప్పందం ముగిసినా బంధం తెగేది కాదు. నా దృష్టిలో జీతం పరిమితి కంటే క్రూరమైన నియమం ఇదే. విదేశాలకు వెళ్లాలన్నా పాత క్లబ్బు అనుమతి కావాల్సి వచ్చేది. 1950లో స్టోక్ సిటీ డిఫెండర్ నీల్ ఫ్రాంక్లిన్ బొగోటా వెళ్లగలిగాడంటే, కొలంబియా లీగ్ అప్పుడు ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫాకు బయట ఉండటం వల్లే. తిరిగొచ్చాక నిషేధం పడింది, ఇంగ్లండ్ జట్టులో మళ్లీ చోటు దక్కలేదు.

ఫిన్నీ 1960లో రిటైరయ్యాడు. మరుసటి సీజన్‌లోనే ప్రెస్టన్ రెండో డివిజన్‌కు జారింది. 1961 జనవరిలో ఆటగాళ్ల సంఘం సమ్మె హెచ్చరికతో గరిష్ఠ జీతం రద్దయింది. ఫుల్హామ్ క్లబ్బులో ఆటగాడు జానీ హేన్స్ జీతం వారానికి 100 పౌండ్లకు చేరింది.

ఈ రద్దుతోనే ఆటగాళ్లకు స్వేచ్ఛ వచ్చేసిందని చాలామంది అంటారు. అది పొరపాటు. రిటెయిన్ పద్ధతి అలాగే ఉంది. న్యూకాసిల్ క్లబ్బుపై ఆటగాడు జార్జ్ ఈస్ట్‌హామ్ వేసిన దావాలో 1963లో జస్టిస్ విల్బర్‌ఫోర్స్ దాన్ని వృత్తికి అన్యాయమైన ఆటంకమని తేల్చాకే అది సడలింది. అప్పటికి ఫిన్నీకి 41 ఏళ్లు.