బళ్ళారిలో ఓడిన సుష్మా స్వరాజ్

శ్రోతలకు నమస్కారం. సుష్మా స్వరాజ్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది విదేశాంగ మంత్రి. 2014 నుంచి 2019 దాకా ఆ శాఖ ఆవిడదే. పరాయి దేశంలో చిక్కుకున్నవాళ్ళు ట్విట్టర్‌లో రెండు ముక్కలు రాస్తే జవాబిచ్చేవారు. పాతికేళ్ళ వయసులోనే హర్యానాలో మంత్రి, 1998లో కొద్ది వారాలు ఢిల్లీ ముఖ్యమంత్రి. సరే, అవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. నాకు మాత్రం బళ్ళారి గురించి చెప్పాలని ఉంది. ఆవిడ ఓడిపోయిన బళ్ళారి.

1999. సోనియా గాంధీ మొదటిసారి లోక్‌సభకు పోటీ చేస్తూ అమేఠీతో పాటు బళ్ళారినీ ఎంచుకున్నారు. మొదటి ఎన్నికల నుంచీ కాంగ్రెస్ చెయ్యి దాటని సీటది. అక్కడికి బీజేపీ సుష్మను పంపింది. ఆవిడ పుట్టింది అంబాలాలో. కన్నడం రాదు. పోలింగుకు నెల కూడా లేదు.

ఏం చేశారు? కన్నడం నేర్చుకున్నారు. ఆ టెన్షన్‌లో, ఆ ఎండలో, ఊరూరూ తిరుగుతూ కన్నడం నేర్చుకున్నారు! సభల్లో కన్నడంలోనే మాట్లాడారు. పక్కింటి భాష ఏళ్ళ తరబడి వింటూ కూడా నాలుగు మాటలు పట్టుకోలేని నాలాంటివాడికి ఇది ఇప్పటికీ ఆశ్చర్యమే.

అయినా ఓడిపోయారు. యాభై ఆరు వేల పైచిలుకు తేడా. సోనియా రెండు చోట్లా గెలిచి, బళ్ళారిని వదులుకున్నారు. ఓడిన సుష్మ మాత్రం వదల్లేదు. వరమహాలక్ష్మి వ్రతానికి వస్తానని మాటిచ్చారు. శ్రావణం వచ్చిందంటే బళ్ళారిలో ఉండేవారు. ఒక ఏడాదీ రెండేళ్ళూ కాదు, పదేళ్ళకు పైగా.

ఇందులో రాజకీయం లేదా అంటే, ఎందుకు లేదు? 2004లో ఆ సీటు బీజేపీకి దక్కింది. ఆ వ్రతాల్లో ఆవిడ పక్కన కనిపించిన నాయకుల వల్ల విమర్శలూ తప్పలేదు. కానీ ఓడిన ఊరికి మళ్ళీ వెళ్ళేవాళ్ళు ఎందరు, చెప్పండి?

2014లో తెలంగాణ బిల్లుకు లోక్‌సభలో ప్రతిపక్ష నాయకురాలిగా మద్దతిచ్చారు. సోనియమ్మనే కాదు, ఈ చిన్నమ్మనూ గుర్తుపెట్టుకోండని తెలంగాణ జనానికి చెప్పారు. 2019 ఆగస్టులో ఆవిడ పోయినప్పుడు ఇక్కడ చాలామంది నోట వచ్చిన మాట అదే. చిన్నమ్మ.