గిర్ని మీద సోలార్: కొటేషన్ కంటే ముందు బిల్లు చదవండి

[దృశ్యం: పొద్దున 8 గంటలు. నల్లగొండ దగ్గర రేకుల షెడ్డులో పిండి గిర్ని. తూకం మీద జొన్నల సంచి.]

వాయిస్: 7.5 హెచ్‌పీ మోటార్ నిండు లోడ్ మీద గంటకు 6 యూనిట్ల పైనే తాగుతుంది. రోజుకు 4 గంటలు, నెలకు 25 రోజులు ఆడిస్తే 600 యూనిట్లు. మన ఎండకు 1 కిలోవాట్ సోలార్ సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తుంది. అంటే ఈ గిర్నికి 5 కిలోవాట్లు చాలు. 550 వాట్ల ప్యానెళ్లు 9, నడిచే దారితో కలిపి 350 చదరపు అడుగుల జాగా.

[దృశ్యం: కరెంటు బిల్లు దగ్గరగా. వేలు కాంట్రాక్టెడ్ లోడ్ గడి మీద ఆగుతుంది.]

కాంట్రాక్టెడ్ లోడ్ అంటే మీ కనెక్షన్‌కు కరెంటు సంస్థ ఒప్పుకున్న లోడ్. ప్లాంటు సైజు ఈ గడిలో అంకె దాటనీయకండి. 7.5 హెచ్‌పీ అంటే 5.6 కిలోవాట్లు, కాబట్టి సరిపోయింది. పక్కనే ఫిక్స్‌డ్ చార్జీలున్నాయి చూడండి. సోలార్ పెట్టినా అవి తగ్గవు. "బిల్లు సున్నా" అనే మాట నమ్మొద్దు.

కొటేషన్ 2,75,000 అనుకుందాం, యూనిట్ 8 రూపాయలనుకుందాం. నెలకు 4,800 మిగిలితే పెట్టుబడి తిరిగొచ్చేది 4 ఏళ్ల 9 నెలలకు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ సబ్సిడీ ఇళ్లకే. గిర్నికి 78,000 ఇప్పిస్తానన్న ఏజెంటుకు చాయ్ తాపించి పంపండి. జీఎస్టీ మాత్రం సరిచూడండి: 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ సామానుపై 12 శాతం కాదు, 5 శాతమే.

[దృశ్యం: కరెంటు పోతుంది. నడినెత్తిన ఎండ. ఇన్వర్టర్ మీద ఎర్ర లైటు.]

చాలామంది గొడవ పడేది ఇక్కడే. ఎండ ఇంతుంటే గిర్ని ఎందుకాగింది? ప్యానెళ్ల డీసీ కరెంటును ఏసీగా మార్చి లైన్‌తో కలిపే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్, లైన్‌లో కరెంటు పోగానే తానూ ఆగాలి. లేకపోతే దాని కరెంటు లైన్‌లోకి పోయి స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణానికి ముప్పు. బ్యాటరీ పెడదామంటే, మోటార్ స్టార్టయ్యేటప్పుడు మామూలు కంటే ఆరేడు రెట్లు కరెంటు లాగుతుంది. దాన్ని మోసే ఇన్వర్టర్, బ్యాటరీల ధర గిర్ని గిట్టుబాటును మింగేస్తుంది. లైట్లకు, తూకం మిషన్‌కు చిన్న బ్యాటరీ చాలు.

మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు తయారైన కరెంటు లైన్‌లోకి పోతుంది. లోపలికొచ్చిన, బయటికి పోయిన యూనిట్లు రెండూ లెక్కేసే నెట్ మీటర్ పడకముందే ప్లాంటు ఆన్ చేస్తే ఆ యూనిట్లు మీ లెక్కలోకి రావు. కొన్ని మీటర్లు వాటిని వాడకం కింద కలిపేస్తాయి కూడా. కరెంటు పంపిణీ సంస్థ టీజీఎస్‌పీడీసీఎల్‌కు దరఖాస్తు ముందు, స్విచ్ తర్వాత.

ఇంకొకటి. సోలార్ యూనిట్లిస్తుంది గానీ మోటారులో అయస్కాంత బలం పుట్టడానికి కావాల్సిన రియాక్టివ్ పవర్ లైన్ నుంచే వస్తుంది. అందుకే మీటర్‌లో పవర్ ఫ్యాక్టర్, అంటే లైన్ నుంచి లాగిన మొత్తంలో పని చేసే పవర్ వంతు, పడిపోయినట్టు కనిపిస్తుంది. బిల్లు కేవీఏహెచ్ లెక్కలో, అంటే రియాక్టివ్ పవర్‌నూ కలిపి వచ్చేవాళ్లు, ఆ పవర్‌ను మోటారు దగ్గరే ఇచ్చే కెపాసిటర్ పాతదై ఉబ్బితే ముందే మార్చుకోవాలి.

[దృశ్యం: షెడ్డు పైన. ప్యానెల్ మీద వేలితో గీస్తే తెల్లటి పొర.]

దక్షిణం ముఖం, 15 నుంచి 17 డిగ్రీల వాలు. స్టాండు బోల్టులు రేకుకు కాదు, కింద రేకును మోసే అడ్డ ఇనుప పర్లిన్‌కు పడాలి. సిమెంటు రేకు మీద కాలు పెట్టొద్దు, విరుగుతుంది. 9 ప్యానెళ్లూ ఒకే వరసలో కలిపి ఉంటాయి. వాటర్ ట్యాంక్ నీడ ఒక్కదాని మీద పడినా మొత్తం వరస ఇచ్చే కరెంటు తగ్గొచ్చు.

గిర్ని దుమ్ము మంచుకు తడిసి, ఎండకు గంజిలా పట్టేస్తుంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గరైతే ఊక బూడిద. రెండు వారాలకోసారి, ఎండెక్కకముందే కడగండి. కాలిన అద్దం మీద చల్లనీళ్లు పడితే పగలొచ్చు. మన బోరునీళ్లు ఉప్పునీళ్లు. అలాగే ఆరనిస్తే తెల్ల మరకలు పడి గీకినా పోవు. వెంటనే రబ్బరు వైపర్‌తో లాగేయాలి.

ఇక కోతులు. ప్యానెళ్ల వైర్లలో 400 వోల్టుల పైన డీసీ ఉంటుంది. వేలాడే వైరు కొరికితే కోతికీ ప్రమాదమే, షెడ్డుకీ ప్రమాదమే. వైర్లన్నీ పైపుల్లోంచి పోవాలి. పిడుగు కడ్డీకి, డీసీకి, ఏసీకి వేర్వేరుగా మూడు ఎర్త్ గుంతలు తీశాకే మేస్త్రీకి చివరి కిస్తీ ఇవ్వండి.