పలుపు విప్పారా?

అందరికీ నమస్కారం. నవంబరంటే మన నెల్లూరోళ్లకి వానల నెల, టీవీలో వాయుగుండం అనే మాట వినపడగానే సగం మందికి టెన్షన్ మొదలయ్యే నెల. అందుకే ఈరోజు గొడ్లూ మేకలూ కుక్కల గురించి మాట్లాడదామని వచ్చాను. మనుషులకే దిక్కు లేనప్పుడు గొడ్ల గోల ఏందబ్బా అంటారేమో, కాస్త వినండి.

2021 గుర్తుందా? నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, ఆ నీళ్లు పెన్నలోకి కాక ఎక్కడికి పోతాయి, ఇటు సోమశిల గేట్లెత్తారు, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నాయి, హైవే మీద బళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆ రోజుల్లోనే కోవూరు వైపు ఒక ఊళ్లో జనాన్ని ట్రాక్టర్ ఎక్కిస్తుంటే ఒక అవ్వ ఎక్కనంటే ఎక్కనంది. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చేశాయి. "ఏందవ్వా, ఈడే మునిగిపోతావా" అని డ్రైవరు అరుస్తుంటే, "నువ్వు పో నాయనా, నా మేకల్ని ఎక్కించుకునే బండొస్తే అప్పుడొస్తా" అంది. ఉన్నవి రెండే మేకలు. చివరికి ఒక కుర్రాడు చెరో చంకలో ఒకదాన్ని ఇరికించుకుని పైకెక్కాడు, వెనకాలే అవ్వా ఎక్కింది. రెండు నిమిషాల పనికి అరగంట అరుపులు.

అప్పుడు నేనూ అది మొండితనమే అనుకున్నాను. తర్వాత అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ సంగతి చదివాక నా ఆలోచన మారింది. 2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను తాకి, కరకట్టలు తెగి, ఆ నగరంలో నూటికి 80 వంతులు మునిగింది. జనాన్ని తరలించే బస్సుల్లో జంతువులకు చోటు లేదన్నారు. కుక్కను వదిలి రాలేక ఎంతోమంది మునిగే ఇంట్లోనే ఉండిపోయారు. బస్సెక్కే చోట ఒక పిల్లాడి చేతిలోంచి తెల్లకుక్కను తీసేసుకుంటే, వాడు "స్నోబాల్, స్నోబాల్" అని ఏడ్చి ఏడ్చి వాంతి చేసుకున్నాడని అప్పట్లో పేపర్లలో వచ్చింది. తర్వాత ఎక్కడెక్కడి నుంచో జనం పడవలేసుకుని వచ్చారు, తలుపులు పగలగొట్టి కుక్కల్నీ పిల్లుల్నీ తీశారు, లోపల ఏముందో, తిండీ నీళ్లూ పెట్టామో లేదో గోడల మీద రంగుతో రాసి పోయారు. కానీ ఏది ఎవరిదో తేలక చాలా జంతువులు వేరే రాష్ట్రాలకు పోయాయి, మా కుక్క మాకివ్వండని కోర్టుల దాకా వెళ్లినవాళ్లున్నారు. అక్కడి అక్వేరియంలో జనరేటర్ ఆగి వేల చేపలు చచ్చిపోయాయి. చెరువు నీళ్లకి గాలి ఆడించే ఏరేటర్ ఆగితే ఏమవుతుందో మన రొయ్యల రైతుకి ఒకరు చెప్పాలా!

2006లో అక్కడ చట్టమే తెచ్చారు, విపత్తు ప్రణాళికలో పెంపుడు జంతువులకూ చోటుండాలని. అది ఇంట్లో కుక్కా పిల్లీ లెక్క. మనకి ఇంటి ఆదాయమే కొట్టంలో కట్టేసి ఉంటుంది కదా.

వరద తీశాక మా చిన్నాన్న కొట్టంలో చూసింది చెప్తాను. బర్రె గుంజ దగ్గరే చచ్చిపడి ఉంది. పలుపు బారెడు కూడా లేదు, నీళ్లు ముక్కు దాకా వస్తే తలెత్తడానికి లేక పోయింది. మెడ చుట్టూ వెంట్రుకలు ఊడి తాడు అచ్చు పడి ఉంది. కట్టెయ్యని దూడ మాత్రం ఈదుకుంటూ పోయి గడ్డివామి ఎక్కి నిలబడింది. బర్రెకి ఈత ఎవరు నేర్పాలి? తాడు విప్పితే చాలు. తడిసిన ముడి కంగారులో వేళ్లకి రాదు, కోసెయ్యండి. పోయే ముందు చెవికున్న పసుపుపచ్చ ట్యాగు కనపడేలా ఫోన్లో ఫోటో తీసుకోండి, దాని మీద 12 అంకెలుంటాయి, ఎక్కడ దొరికినా మీదేనని చెప్పుకోవచ్చు.

ఇంకోటి, దీంట్లోనే ఎక్కువ తప్పు జరుగుతుంది. పాపం ఆకలితో ఉందని శిబిరంలో మిగిలిన అన్నం బకెట్లతో పెట్టేస్తారు. అది కడుపులో పులిసి, వరదని తట్టుకున్న గొడ్డు అన్నానికి పోతుంది. ముందు మంచినీళ్లు, తర్వాత కొంచెం కొంచెంగా ఎండుగడ్డి. బూజు పట్టిన గడ్డి వద్దు. గొర్రెలు బురదలో నిలబడితే గిట్టలు కుళ్లుతాయి, మెరక చూసి తోలండి. గొంతువాపు టీకా వానలకు ముందే వేయించాలి, వరదొచ్చాక పరిగెత్తితే లాభం లేదు. జబ్బు చేస్తే 1962కి ఫోన్ చేయండి, పశువుల అంబులెన్సు అదే. బెదిరిపోయిన వీధికుక్కని ఎత్తుకోబోకండి, తిండి పెట్టి దూరం జరగండి. కరిస్తే సబ్బుతో పావుగంట కడిగి వెంటనే ఆసుపత్రికి పోండి.

మా చిన్నాన్న ఇప్పుడు కొట్టం చూరులో ఒక కొడవలి దోపి ఉంచాడు. ఎవరినీ ముట్టుకోనివ్వడు, గడ్డి కోతకి కూడా. మొన్న పిన్నమ్మ కొబ్బరాకు కొట్టడానికి తీసిందని ఇంట్లో పెద్ద గొడవే అయింది.