కారణం: యాజమాన్య లోపం
(అనంతపురం జిల్లాలో రైతు దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న రైతులకు, వెనక వరుసల్లో ఫోన్లు చూసుకుంటున్న విద్యార్థులకు నమస్కారం. అన్నదాత గొప్పతనం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకంటే ముందు మాట్లాడినవాళ్లు చెప్పేశారు కాబట్టి నేను ఒక వాయువు గురించీ, ఒక కాగితం గురించీ మాట్లాడతాను.

ఓజోన్ అనగానే పిల్లలు ఆకాశంలో పొర, దానికి చిల్లు అంటారు. ఆ పైనున్నది మనల్ని కాపాడేది. నేను చెప్పేది పైరు ఎత్తులో ఉండే ఓజోన్. దీన్ని ఏ గొట్టమూ నేరుగా వదలదు. బండ్లు, జనరేటర్లు, థర్మల్ కేంద్రాలు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోలు ఆవిర్లు, పొయ్యి పొగ, మీథేన్... వీటి మీద ఎండ పడితే తయారవుతుంది. విచిత్రం ఏమిటంటే, నడిరోడ్డు మీద ఇది తక్కువే ఉంటుంది. అక్కడ అప్పుడే వచ్చిన పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ దీన్ని తినేస్తుంది. గాలి వాటున ఊళ్ల మీదికి వచ్చాక పెరుగుతుంది. కొలిచే మిషన్లు మాత్రం ఎక్కువగా పట్నాల్లోనే పెడతారు.

ఆకు మీదుండే పత్రరంధ్రాల గుండా ఇది లోపలికి పోతుంది. కణాలను దెబ్బతీస్తుంది, కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుంది, ఆకు ముందే ముసలిదైపోతుంది. గింజ నిండాల్సిన రోజులు తగ్గిపోతాయి. చాలాసార్లు మచ్చ కూడా కనబడదు, దిగుబడే తగ్గుతుంది. ఇంకో అన్యాయం వినండి. నీళ్లు లేక వాడిన మొక్క రంధ్రాలు మూసుకుంటుంది, కొంత తప్పించుకుంటుంది. అప్పు చేసి బోరు వేసి తడి పెట్టినవాడి పైరే రంధ్రాలు తెరుచుకుని ఎక్కువ పీలుస్తుంది.

ఇక ఆ కాగితం. నేను వ్యవసాయ శాఖలో పనిచేసే రోజుల్లో, హైవేకి కాస్త దూరంలో బోరు కింద రబీ వేరుశనగ వేసిన రైతు ఒకాయన మొక్కలు పీకి తెచ్చాడు. "సార్, షాపాయన చెప్పిన మందల్లా కొట్టినా. మచ్చ పోల్యా" అన్నాడు. ముదురాకుల మీద ఈనెల మధ్య సూదితో పొడిచినట్టు గోధుమరంగు చుక్కలు. తిప్పి చూస్తే అడుగున శుభ్రంగా ఉంది. తిక్క ఆకుమచ్చ అయితే మచ్చ పెద్దది, గుండ్రంగా ఉంటుంది, అడుగునా కనబడుతుంది. భూతద్దం పెట్టినా నల్లి లేదు, తామర పురుగు లేదు. ఇది ఓజోన్ పనేమో, గాలి సంగతి కూడా చూడండని రాసి నమూనా పైకి పంపాను.

జవాబు వచ్చింది. తెగులు లేదు. పురుగు లేదు. కారణం: యాజమాన్య లోపం.

అంటే తప్పు రైతుదన్నమాట! వెళ్లి అడిగితే ఆఫీసులో పెద్దాయన నవ్వాడు. "నష్టం ఫారంలో కరువుంది, వరదుంది, వడగళ్లున్నాయి. గాలి అని రాస్తే గాలివాన కింద వేస్తారయ్యా" అన్నాడు. అది కచ్చితంగా ఓజోనే అని నేను ఒట్టు పెట్టను. ఎలా పెడతాను, ఆ చేను చుట్టుపక్కల కొలిచే మిషనే లేదు కదా! కొలవకుండానే వాళ్లు మాత్రం లోపం ఎవరిదో తేల్చేశారు. నాకు మంట అక్కడే.

ఇదేమీ కొత్త సంగతి కాదు. లాస్ ఏంజెలిస్ చుట్టుపక్కల ఆకుకూరలు పాడవుతుంటే 1950ల మొదట్లో హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త, బండ్ల పొగ, ఎండ కలిసి చేస్తున్న పని ఇదని ప్రయోగాలతో చూపించాడు. 1980ల్లో అమెరికా పై కప్పు లేని గదుల్లో పైర్లు పెంచి నష్టం లెక్కగట్టింది. మన దేశానికి సంబంధించి 2014లో వచ్చిన అధ్యయనం ప్రకారం 2005 సంవత్సరంలో ఓజోన్ వల్ల పోయింది గోధుమ సుమారు 35 లక్షల టన్నులు, వరి 21 లక్షల టన్నులు. పేదరికంలో ఉన్న 9.4 కోట్ల మందికి సరిపోయే తిండి అని రాశారు. పత్తి కూడా 5 శాతం పైగా పోయిందట. పత్తి రైతులు వింటున్నారా?

ఎమ్మెల్యే గారు వెళ్లిపోయినట్టున్నారు. సరే, ఉన్నవాళ్లకే చెబుతాను. మన అనంతపురంలోనే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వాళ్లు నేలమట్టం ఓజోన్ కొలిచి పత్రాలు వేశారు. అంటే కొలవడం చేతకాక కాదు. 2009 జాతీయ ప్రమాణం ఘనపు మీటరు గాలిలో ఓజోన్ ఎనిమిది గంటల సగటు 100 మైక్రోగ్రాములు దాటకూడదు అంటుంది. మనిషి ఊపిరికి ఆ లెక్క సరే. పైరు సీజను పొడవునా పీలుస్తుంది. అందుకే యూరప్‌లో పగటివేళ 40 పీపీబీ, అంటే వంద కోట్ల పాళ్ల గాలిలో 40 పాళ్లు, దాటినదెంతో గంట గంటకూ కూడుతూ పోతారు. మనకు అలాంటి లెక్క ఎందుకు ఉండకూడదు? 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం గురి ముఖ్యంగా దుమ్ము మీద, అదీ నగరాల్లో. పొలాల్లో మిషన్లు పెట్టండి, నష్టం ఫారంలో ఒక గడి పెట్టండి అని అడుగుతున్నాను, అంతే.

రైతు సోదరులారా, మచ్చ కనబడితే షాపుకు పోయే ముందు ఆకు తిప్పి చూడండి. అడుగున శుభ్రంగా ఉంటే ఫోటో తీసి తారీఖు రాసుకోండి. విద్యార్థులు ఫోన్లు బయటికి తీసే ఉన్నారు కాబట్టి చెబుతున్నా. సభ అయ్యాక నా దగ్గరికి రండి. బోరు కింద వేరుశనగ వేసిన చేలు మీ ఊళ్లల్లో ఎక్కడెక్కడున్నాయో ఈరోజే జాబితా రాద్దాం. ఫిబ్రవరి వచ్చేలోపు ఒక్క మిషనైనా అద్దెకు తెచ్చే పూచీ నాది.