సునాదం

శ్రోతలకు నమస్కారం. అమెరికా సాహిత్యంలో మతం గురించి చెప్పమంటే చాలామంది ఇంగ్లండు నుంచి వలస వచ్చిన ప్యూరిటన్లనే క్రైస్తవుల దగ్గర మొదలుపెడతారు. ఉన్న ఈ కొద్ది నిమిషాల్లో నేను అటు వెళ్లను. ఒక పాట గురించి చెబుతాను.

1871. టెనసీ రాష్ట్రంలోని నాష్‌విల్ నగరం. బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతివారి చదువు కోసం 1866లో తెరిచిన ఫిస్క్ విద్యాలయం డబ్బుల్లేక మూతపడే స్థితికి వచ్చింది. అక్కడి కోశాధికారి జార్జ్ వైట్ సంగీతం కూడా నేర్పేవాడు. తొమ్మిదిమంది విద్యార్థులను వెంటబెట్టుకుని, పాడి డబ్బు తేవడానికి ఉత్తరాదికి బయలుదేరాడు. వారిలో ఎక్కువమంది బానిసలుగా పుట్టినవారే.

మొదట్లో వాళ్లు పాడినవి అప్పటి సభలకు అలవాటైన పాటలు. తమ తల్లిదండ్రులు చాటుగా ప్రార్థనల్లో పాడుకున్న పాటలను నలుగురిలో పాడటానికి మనసొప్పలేదు. అవి పవిత్రమైనవి. అవి పెద్దల కన్నీళ్లు. టికెట్టు కొన్నవాళ్ల ముందు ఎలా పాడతారు?

నవంబరులో ఒహాయో రాష్ట్రంలోని ఓబర్లిన్‌లో పాస్టర్ల సభ జరుగుతోంది. అక్కడ 'స్టీల్ అవే' అందుకున్నారు. చప్పుడు చేయకుండా యేసు దగ్గరికి వెళ్లిపోదాం, ఇక్కడ ఇంకెంతో కాలం ఉండను అంటుందా పాట. యజమాని వింటే అది పరలోకం. పత్తిచేలో ఉన్న మనిషి వింటే అది పారిపోయే దారి కూడా కావచ్చు. ఒకే పాట, ఒకే మాట! ఆ తర్వాత ఈ పాటలే వాళ్ల కచేరీలకు ప్రాణమయ్యాయి.

బృందానికి జూబిలీ గాయకులని పేరు. తెలుగు బైబిలులో జూబిలీకి వాడిన మాట సునాదం. ఏభయ్యో ఏట దేశమంతటా విడుదల చాటే సంవత్సరం అది. ఎంత చక్కటి మాటో చూడండి! 1873లో వాళ్లు విక్టోరియా రాణి ఎదుట పాడారు. అలా పాడి తెచ్చిన డబ్బుతో విద్యాలయంలో జూబిలీ హాల్ లేచింది.

ఆ విద్యాలయంలోనే చదివిన నల్లజాతి రచయిత డుబాయిస్ 1903లో 'ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్' అనే పుస్తకం ప్రచురించాడు. ఆ భవనం పాటలతోనే కట్టినట్టు తనకు అనిపించేదని అందులో రాశాడు. అధ్యాయాల మొదట్లో కొన్ని కవితా పంక్తులు, వాటి కింద ఆ పాటల్లోంచి ఒక స్వరాల వరుస ఉంటాయి. స్వరాల కింద మాటలు లేవు, పాట పేరు లేదు. మొదటిసారి చదివినప్పుడు అలంకారం అనుకుని నేను వాటిని దాటిపోయాను. మీరు దాటిపోకండి. సంగీతం తెలిసినవారిని ఆ గీతలు చూసి వాయించమని అడగండి. హార్మోనియం మీదైనా చాలు. అది విని, తర్వాత అధ్యాయం చదవండి.